ఇంటి కంప్యూటర్‌లో తొలి బాణీ: ఖాళీ తెర నుంచి ఒక నిమిషం సంగీతం దాకా

కంప్యూటర్‌లో సంగీతం చేయాలనుకున్నవారిలో చాలామంది మొదటి నెలంతా ఏ సాఫ్ట్‌వేర్ మేలు, ఏ మైక్ కొనాలి, ఏ కీబోర్డు తెప్పించాలి అని విచారించడంలోనే గడిపేస్తారు. ఆ తర్వాత నాలుగేసి బార్ల ముక్కలు ఇరవై ముప్పై పోగవుతాయి గాని, మొదలూ తుదీ ఉన్న బాణీ ఒక్కటీ చేతికి రాదు. నేనూ ఆ దారిలో చాలాకాలం తిరిగినవాణ్నే కాబట్టి, ఈ మార్గదర్శిని పరికరాల చుట్టూ కాకుండా ఒక చిన్న పని చుట్టూ అల్లుతున్నాను. ఆ పని ఇది: నిమిషానికి 96 బీట్ల వేగంలో, బార్‌కు 4 బీట్ల చొప్పున, 24 బార్ల బాణీ ఒకటి పూర్తి చేయడం. 24 బార్లంటే 96 బీట్లు, అంటే సరిగ్గా ఒక నిమిషం. బార్ అన్న మాట కొత్తగా తోస్తే తాళంలో ఒక ఆవర్తం అనుకోవచ్చు.

ఒక్క నిమిషమేనా అనిపించవచ్చు. 1957లో బెల్ ల్యాబ్స్‌లో మ్యాక్స్ మ్యాథ్యూస్ రాసిన ప్రోగ్రామ్‌తో ఐబీఎం 704 కంప్యూటర్ పలికించిన తొలి రచన నిడివి 17 సెకన్లే. దానికి మూడున్నర రెట్లు పని మీ ముందుంది.

1. మొదట ఇంట్లో ఉన్నవాటిని చూసుకోవడం

గత ఏడెనిమిదేళ్లలో తయారైన మామూలు ల్యాప్‌టాప్ ఈ పనికి సరిపోతుంది. మెమరీ 8 జీబీ ఉంటే పని నడుస్తుంది, 16 జీబీ ఉంటే తీరిగ్గా నడుస్తుంది. పెద్ద పెద్ద వాద్యాల శాంపిళ్లు (ముందే రికార్డు చేసిపెట్టిన స్వరాలు) వాడాలనుకునే రోజు వస్తే అప్పుడు వేగంగా చదవగల ఎస్‌ఎస్‌డీ గురించి ఆలోచించవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం రాజీ పడకూడదు: హెడ్‌ఫోన్లకు తీగ ఉండాలి. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు శబ్దాన్ని కుదించి పంపి, అవతల విప్పి వినిపిస్తాయి కాబట్టి 100 నుంచి 200 మిల్లీసెకన్ల దాకా ఆలస్యం కావడం మామూలే. మన వేగంలో ఒక బీట్ నిడివి 625 మిల్లీసెకన్లు, అందులో నాలుగో వంతు 156 మిల్లీసెకన్లు. అంటే మీరు కీ నొక్కాక బీట్‌లో దాదాపు నాలుగో వంతు గడిచిన తర్వాత గాని ఆ స్వరం మీకు వినబడదు. ఆ స్థితిలో లయ తప్పితే తప్పు మీ చేతిది కాదు. సినిమా చూసేటప్పుడు ఈ ఆలస్యం తెలియదు, ఎందుకంటే ప్లేయర్ బొమ్మను కూడా అంతే వెనక్కి జరిపి సర్దేస్తుంది. మీ వేలిని అలా వెనక్కి జరపడం దాని వల్ల కాదు.

ల్యాప్‌టాప్ స్పీకర్ల మీద కూడా ఆధారపడవద్దు. ఆ చిన్న స్పీకర్లు సుమారు 200 హెర్ట్జ్‌కు దిగువన దాదాపు ఏమీ పలకవు. మనం వాడబోయే బేస్ స్వరాల మూల పౌనఃపున్యాలన్నీ 70 హెర్ట్జ్‌కు లోపే ఉంటాయి. మిడి కీబోర్డు (కంప్యూటర్‌కు తగిలించే పియానో తరహా కీలపలక) ఉంటే వాడుకోండి, లేకపోతే స్వరాలను మౌస్‌తో గీయవచ్చు. ఈ తొలి బాణీకి మౌస్ చాలు.

2. సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం, ఎంచుకున్నదాన్ని వదలకపోవడం

సంగీతాన్ని రికార్డు చేసి, అమర్చి, కలిపి, ఫైలుగా తీసే సాఫ్ట్‌వేర్‌ను డిజిటల్ ఆడియో వర్క్‌స్టేషన్ అంటారు. వాడేవాళ్లందరూ క్లుప్తంగా ‘డా’ అనే అంటారు. ఆపిల్ కంప్యూటర్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్ ఉచితంగా దొరుకుతుంది, తొలి ఏడాదికి అది చాలు. విండోస్ లేదా లినక్స్ ఉంటే ఎల్‌ఎమ్‌ఎమ్‌ఎస్, వేవ్‌ఫార్మ్ ఫ్రీ వంటివి ఉచితం. రీపర్ ఉచితం కాదు గాని 60 రోజులు ఏ ఆంక్షా లేకుండా పరీక్షించుకోనిస్తుంది. ఎల్‌ఎమ్‌ఎమ్‌ఎస్ స్వరాలు గీయడానికి బాగా అనువైనది గాని, మైక్‌తో గొంతు రికార్డు చేయాలనుకునేవారు మిగతా రెండింటిలో ఒకటి తీసుకోవడం మేలు. ఆడాసిటీ మంచి సాధనమే అయినా, అది ప్రధానంగా రికార్డింగుకూ కత్తిరింపులకూ పుట్టింది కాబట్టి స్వరాలు గీసి వాద్యాలతో పలికించే ఈ పనికి దాన్ని నేను సూచించను.

వీటి మధ్య తేడాల గురించి జరిగే వాదనలకు అంతు లేదు. ధ్వని నాణ్యతలో అన్నీ సమానమే, తేడా అంతా పని తీరులో ఉంటుంది. ఏదో ఒకటి ఎంచుకుని మూడు నెలలు మరొకదాని వైపు చూడకుండా ఉండగలిగితే, ఏ బటన్ ఎక్కడుందో వెతికే అవస్థ తగ్గి చెవికి పని దొరుకుతుంది.

వాద్యాల విషయానికి వస్తే, సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే డ్రమ్స్, పియానో, బేస్ చాలు. వాటి ధ్వని నచ్చకపోతే సర్జ్ ఎక్స్‌టీ అనే ఉచిత సింథసైజర్‌ను (కృత్రిమంగా స్వరాలు పుట్టించే వాద్యాన్ని) చేర్చుకోండి. అది ఓపెన్ సోర్స్. ఇలాంటి ప్లగిన్లు డాలోపల ఇమిడిపోయి పనిచేయడానికి కారణమైన వీఎస్‌టీ పద్ధతిని స్టైన్‌బర్గ్ సంస్థ 1996లో తెచ్చింది. ఉచిత ప్లగిన్లు వందల్లో దొరుకుతాయి, వాటిని పోగేయడం కూడా వాయిదా వేయడంలో ఒక రకమే.

3. ప్రాజెక్టు తెరవకముందు నాలుగు సెట్టింగులు

ఆడియో సెట్టింగుల్లో మొదట శబ్దం ఏ పరికరం గుండా వెళ్లాలో, ఏ డ్రైవర్‌తో (ఆ పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్‌తో) వెళ్లాలో చెప్పాలి. విండోస్‌లో ఏసియో డ్రైవర్ ఉంటే దాన్ని ఎంచుకోండి. లేకపోతే విండోస్ సొంత వాసాపీ పద్ధతిలో ఎక్స్‌క్లూజివ్ మోడ్ వాడవచ్చు. ఆపిల్ కంప్యూటర్లలో కోర్ ఆడియో తనంతట తానే ఈ పని చూసుకుంటుంది.

రెండోది శాంపిల్ రేటు. ధ్వనిని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తున్నామన్నదే ఈ సంఖ్య. సీడీకి 44,100, వీడియోకు 48,000 వాడుక. కొలతల సంఖ్యలో సగం పౌనఃపున్యం వరకే ధ్వనిని యథాతథంగా పట్టగలం, మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్జ్ దాటి వినలేదు. కాబట్టి ఈ రెంటిలో ఏదైనా సరే. నేను 48,000 అనుకుని లెక్కలు చెబుతాను. మూడోది బిట్ డెప్త్, అంటే ఒక్కో కొలతను ఎన్ని బిట్లతో రాస్తామన్నది: 24 పెట్టండి. ఒక్కో బిట్‌కు సుమారు 6 డెసిబెళ్ల విస్తృతి (అతి సన్నని శబ్దానికీ అతి గట్టి శబ్దానికీ మధ్య ఎడం) వస్తుంది. 16 బిట్లకు 96, 24 బిట్లకు 144. ఈ అదనపు విస్తృతి వల్ల మైక్ రికార్డింగు తక్కువ స్థాయిలో చేసినా నష్టం ఉండదు, దాని ప్రయోజనం ఆరో మెట్టులో కనబడుతుంది.

నాలుగోది బఫర్. కంప్యూటర్ శబ్దాన్ని ఒక్కో కొలతగా కాక గంపల్లాగా నింపి పంపుతుంది. ఆ గంప పరిమాణమే బఫర్. 256 శాంపిళ్ల బఫర్ 48,000 రేటులో నిండటానికి 5.3 మిల్లీసెకన్లు, 1024 అయితే 21.3 మిల్లీసెకన్లు పడుతుంది. వాయించేటప్పుడు, పాడేటప్పుడు 128 లేదా 256 పెట్టండి. ప్లగిన్లు ఎక్కువై శబ్దంలో చిటపటలు మొదలైతే, వాయించే పని అయిపోయాక 1024కు పెంచండి. చిటపటలు వినగానే కొత్త కంప్యూటర్ కొనాలేమో అని బెంగపడినవారిని నేను ఎరుగుదును. నూటికి తొంభైసార్లు మందు ఈ ఒక్క సంఖ్యే.

ఇక సేవ్ చేయడం. ప్రాజెక్టుకు సొంత ఫోల్డరు పెట్టి, రికార్డయ్యే ప్రతి ఫైలూ అందులోకే చేరేలా ఎంపికను ఆన్ చేయండి. ఒకసారి నేను ప్రాజెక్టు ఫైలును మాత్రమే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని పాత డిస్కును తుడిచేశాను. మరో కంప్యూటర్‌లో తెరిస్తే ట్రాకుల పేర్లన్నీ వరుసగా ఉన్నాయి, వాటి రంగులు కూడా ఉన్నాయి, గొంతు మాత్రం ఎక్కడా లేదు. ప్రాజెక్టు ఫైలు అనేది ఏ శబ్దం ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో చెప్పే పట్టిక మాత్రమేనని, శబ్దం విడి ఫైళ్లలో ఉంటుందని ఆ రోజు అర్థమైంది. అప్పటినుంచి ఫోల్డరు మొత్తాన్ని కాపీ చేయడం, ప్రతి రోజు పనికీ ‘బాణీ-01’, ‘బాణీ-02’ అని కొత్త సంఖ్యతో సేవ్ చేయడం అలవాటు చేసుకున్నాను.

4. డ్రమ్స్: పదహారు గడుల్లో లయ

కొత్త ప్రాజెక్టులో వేగం 96, తాళం 4/4 పెట్టి, డ్రమ్స్ కోసం ఒక వాద్య ట్రాకు తెరవండి. ఇందులో మనం రాసేది శబ్దాన్ని కాదు, మిడి సందేశాలను: ఏ స్వరం, ఎప్పుడు, ఎంత బలంగా, ఎంతసేపు. 1983లో వేర్వేరు సంస్థల సింథసైజర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి పుట్టిన ఈ భాష ఇప్పటికీ చెక్కుచెదరలేదు. స్వరాలకు, బలానికి 0 నుంచి 127 వరకు సంఖ్యలు ఉంటాయి. మిడి ట్రాకు వాద్యగాడికి ఇచ్చే రాతప్రతి లాంటిది, ఆడియో ట్రాకు అతడు వాయించిన రికార్డింగు. రాతప్రతిలో ఏ స్వరాన్నయినా రేపు మార్చుకోవచ్చు, ఏ వాద్యానికైనా అప్పగించవచ్చు.

పియానో రోల్ అనే గళ్ల పలక తెరుచుకున్నాక గడిని పదహారో వంతుకు పెట్టండి. ఒక బార్‌లో 16 గడులు వస్తాయి, ఒక్కో బీట్‌కు నాలుగు. జనరల్ మిడి పద్ధతి పాటించే డ్రమ్ సెట్లలో కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) 36వ సంఖ్య మీద, స్నేర్ (కర్రలతో కొట్టే చిన్న డ్రమ్) 38 మీద, మూసిన హై-హ్యాట్ (జంట తాళాలు) 42 మీద ఉంటాయి. ఇప్పుడు కిక్‌ను 1, 9, 11 గడుల్లో పెట్టండి. స్నేర్‌ను 5, 13 గడుల్లో పెట్టండి. హై-హ్యాట్‌ను 1, 3, 5 ఇలా ప్రతి బేసి గడిలోనూ పెట్టండి. ప్లే నొక్కితే లయ వస్తుంది. వస్తుంది గాని యంత్రం కొట్టినట్టు ఉంటుంది.

ఆ యంత్రపు వాసన పోవడానికి మొదట బలాలను చూడాలి. బీట్ మీద పడే హై-హ్యాట్‌లను, అంటే 1, 5, 9, 13 గడుల్లో ఉన్నవాటిని, 95 దగ్గర ఉంచి, మధ్యలో పడే 3, 7, 11, 15 గడుల్లోవి 60 దగ్గరకు దించండి. ఈ ఒక్క మార్పుతోనే లయ ఊగడం మొదలుపెడుతుంది. 11వ గడిలోని కిక్‌ను 80కి తగ్గించండి, అది 9వ గడి కిక్‌కు నీడలాగా వినబడాలి. తర్వాత గడి పట్టును (స్నాప్) వదిలించి స్నేర్ దెబ్బలు రెంటినీ 8 నుంచి 10 మిల్లీసెకన్లు ఆలస్యంగా జరపండి. గడి 156 మిల్లీసెకన్లది కాబట్టి ఇది కంటికి దాదాపు కనబడదు, చెవికి మాత్రం డ్రమ్మర్ కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నట్టు తెలుస్తుంది. చాలా సాఫ్ట్‌వేర్లలో ‘హ్యూమనైజ్’ అనే బటన్ ఉంటుంది. అది ప్రతి దెబ్బనూ గుడ్డిగా అటూ ఇటూ చెదరగొడుతుంది. మంచి వాద్యగాడి చెయ్యి అలా చెదరదు, ప్రతి బార్‌లోనూ ఒకే చోట ఒకే తీరుగా వంగుతుంది. అందుకే దెబ్బను చేత్తో జరపడమే మేలని నా అభిప్రాయం.

ఈ బార్‌ను నాలుగుసార్లు కాపీ చేసి, నాలుగోదానిలో చివరి హై-హ్యాట్‌ను తీసేసి 15, 16 గడుల్లో స్నేర్‌ను 70, 90 బలాలతో పెట్టండి. నాలుగు బార్ల చుట్టు పూర్తయి మళ్లీ మొదలవుతున్నదని వినేవారికి ఈ రెండు దెబ్బలు చెబుతాయి.

5. కార్డ్‌లు, బేస్, రాగాల పని

రెండో ట్రాకులో పియానో తెరవండి. ఎ మైనర్, ఎఫ్ మేజర్, సి మేజర్, జి మేజర్ అనే నాలుగు కార్డ్‌లను (ఒకేసారి మోగే స్వరాల గుంపులను) ఒక్కో బార్‌కు ఒకటిగా పెడదాం. నాలుగింటిలోనూ తెల్ల కీలు మాత్రమే ఉన్నాయి, ఎక్కడా శ్రుతి తప్పే ప్రమాదం లేదు. స్వరాలకు పేర్లతో పాటు మిడి సంఖ్యలు కూడా చెబుతున్నాను, ఎందుకంటే నడిమి సి స్వరం ఒక సాఫ్ట్‌వేర్‌లో సి3గా, మరొకదానిలో సి4గా కనబడుతుంది. సంఖ్య మాత్రం ఎక్కడైనా 60.

పుస్తకాల్లో చూపే తీరున ప్రతి కార్డ్‌నూ దాని మూల స్వరం నుంచి కడితే, చెయ్యి మెట్ల మీద గెంతుతున్నట్టు ఉంటుంది. దానికి బదులు ఇలా రాయండి. మొదటి బార్‌లో 57, 60, 64, అంటే ఎ, సి, ఇ. రెండో బార్‌లో 57, 60, 65: పై వేలు ఒక్కటే ఇ నుంచి ఎఫ్‌కు కదిలింది. మూడో బార్‌లో 55, 60, 64: నడిమి సి అలాగే ఉండి, కింది వేలు ఎ నుంచి జికి, పై వేలు ఎఫ్ నుంచి తిరిగి ఇకి దిగాయి. నాలుగో బార్‌లో 55, 59, 62: ఈసారి జి నిలిచి, మిగతా రెండూ ఒక్కో మెట్టు దిగి బి, డి అయ్యాయి. కదలవలసిన వేలు మాత్రమే కదలడం, అదీ వీలైనంత తక్కువ దూరం కదలడం అనే ఈ పద్ధతి వల్ల నాలుగు కార్డ్‌లూ నాలుగు ముక్కలుగా కాక ఒకే ఊపిరిలా వినబడతాయి. మొదట మూల స్వరాల నుంచి కట్టినదాన్ని, తర్వాత దీన్ని వెంటవెంటనే వినండి. నేను ఇక్కడ రాసిన వాక్యాలన్నిటికంటే ఆ పోలిక ఎక్కువ నేర్పుతుంది.

బేస్ ట్రాకులో ప్రతి బార్‌కూ ఆ కార్డ్ మూల స్వరమే: 33, 29, 36, 31. వీటిలో 33వ సంఖ్య ఎ స్వరం పౌనఃపున్యం 55 హెర్ట్జ్. శ్రుతికి ప్రమాణమైన 440 హెర్ట్జ్ ఎ నుంచి మూడు స్థాయిలు కింద. బేస్‌ను కిక్ పడే గడుల్లోనే, అంటే 1, 9, 11లో మొదలుపెట్టండి. రెండూ కలిసి పడితే కిక్‌కు దేహం, బేస్‌కు అంచు వస్తాయి.

ఇప్పుడు పై రాగం. దీన్ని మౌస్‌తో మొదలుపెట్టవద్దు. మూడు ట్రాకులనూ మళ్లీ మళ్లీ మోగేలా చుట్టులో పెట్టి, మాటలు లేకుండా పెదవుల మధ్య కూనిరాగం తీస్తూ ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఐదారు నిమిషాలు పాడితే అందులో ఒకటి రెండు చోట్ల మీకే మళ్లీ వినాలనిపించే ముక్క దొరుకుతుంది. దాన్ని పియానో రోల్‌లో వెతికి పెట్టండి. చెయ్యి ఆడకపోతే ఎ, సి, డి, ఇ, జి అనే ఐదు స్వరాలకే కట్టుబడండి, ఈ కార్డ్‌ల మీద ఆ ఐదింటిలో ఏదీ దారుణంగా వినబడదు. ప్రతి బార్ మొదటి బీట్ మీద ఆ కార్డ్‌లోని స్వరం పడితే రాగం నేల మీద నిలబడినట్టుంటుంది. రెండు బార్లు పలికి, మూడో బార్‌లో సగం ఖాళీ వదలండి. కొత్తవారి రాగాల్లో నేను ఎక్కువగా చూసే లోపం చెడు స్వరం కాదు, ఊపిరి తీసుకునే చోటు లేకపోవడం.

నాలుగు బార్లు తయారయ్యాయి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఎందుకంటే చుట్టులో తిరిగే ముక్క వినడానికి హాయిగా ఉంటుంది, దాన్ని చెడగొట్టుకోవాలని ఉండదు. కాబట్టి ఆలోచించకుండా 24 బార్లకూ అన్నిటినీ పరిచేసి, తీసేయడం మొదలుపెట్టండి. 1 నుంచి 4 వరకు కార్డ్‌లు, హై-హ్యాట్ మాత్రమే ఉంచండి. 5 నుంచి 12 వరకు అన్నీ ఉండనివ్వండి. 13 నుంచి 16 వరకు కిక్, బేస్ తీసేయండి. కింద నేల జారినట్టు అనిపించాలి. 17 నుంచి 24 వరకు మళ్లీ అన్నీ రావాలి, రాగానికి తోడుగా మరో వాద్యం ఒక్కటి కొత్తగా చేరాలి. 24వ బార్ జి మేజర్ మీద ముగుస్తుంది కాబట్టి బాణీ గాల్లో వేలాడుతుంది. దాని తర్వాత 25వ బార్ మొదటి బీట్ మీద ఎ మైనర్ ఒక్కసారి కొట్టి మోగనివ్వండి. నిమిషానికి మరో రెండు మూడు సెకన్లు కలుస్తాయి, ఫరవాలేదు.

6. గొంతు లేదా వాద్యం రికార్డు చేయాలంటే

ఈ మెట్టు తప్పనిసరి కాదు. చేయదలిస్తే, యూఎస్‌బీ మైక్ ఒకటి, లేదా ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె), దానికి తగిలించే మామూలు మైక్ ఒకటి కావాలి. గొంతుతో పాటు రెండో వాద్యాన్ని ఎప్పటికైనా కలపాలనుకుంటే ఇంటర్‌ఫేస్ దారే మేలు. కండెన్సర్ మైక్ సున్నితమైనది, దానికి ఇంటర్‌ఫేస్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఇవ్వాలి. డైనమిక్ మైక్‌కు ఆ అవసరం లేదు, అది గది శబ్దాన్ని కూడా తక్కువగా పట్టుకుంటుంది. గోడలు బోసిగా ఉన్న మామూలు గదిలో నేను దానికే ఓటు వేస్తాను.

గది విషయంలో స్పాంజి ముక్కల కంటే బట్టలు నిండిన అలమర మెరుగు. తలుపులు తెరిచిన అలమర వైపు వీపు పెట్టి నిలబడండి. మైక్ మీ వైపే చూస్తుంది కాబట్టి మీ వెనక ఉన్నదే దానికి ఎక్కువ వినబడుతుంది. నోటికీ మైక్‌కూ మధ్య జానెడు దూరం ఉంచి, మైక్‌ను కొంచెం పక్కకు తిప్పితే ‘ప’, ‘భ’ పలికినప్పుడు వచ్చే గాలి దెబ్బ తప్పుతుంది. మరీ దగ్గరికి వెళితే మంద్ర ధ్వని ఉబ్బుతుంది. ఏకదిశా మైక్‌లలో (ఒక వైపు ధ్వనినే ఎక్కువగా పట్టేవాటిలో) చాలావాటికి ఉన్న గుణమే అది.

పాటలో అన్నిటికన్నా గట్టిగా పాడే చోటును పాడుతూ, మీటరు మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర ఆగేలా గెయిన్ (మైక్ శబ్దాన్ని పెంచే మీట) తిప్పండి. డిజిటల్‌లో సున్నా అంటే పైకప్పు. దాన్ని తాకిన అల కొన తెగిపోతుంది, తెగినదాన్ని ఏ ప్లగిన్ కూడా యథాతథంగా తిరిగి అతికించలేదు. 24 బిట్ల విస్తృతి ఉంది కాబట్టి ఈ 12 డెసిబెళ్ల ఖాళీ ఉచితమే అనుకోవచ్చు.

పాడేటప్పుడు మీ గొంతు మీకు ఆలస్యంగా వినబడితే బఫర్ లెక్క గుర్తుచేసుకోండి: 256 శాంపిళ్లయితే లోపలికి 5.3, బయటికి 5.3, మొత్తం సుమారు 11 మిల్లీసెకన్లు, పైన పరికరం సొంత ఆలస్యం కొంత. గాలిలో శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది కాబట్టి, ఇది మూడున్నర నాలుగు మీటర్ల దూరంలోని స్పీకర్ నుంచి వినడంతో సమానం. గిటార్‌కు ఇది సరిపోతుంది, గొంతుకు కొంచెం ఇబ్బంది. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ బటన్ ఉంటే నొక్కండి. గొంతు కంప్యూటర్ దాకా వెళ్లకుండానే చెవికి చేరుతుంది.

హెడ్‌ఫోన్లు చెవిని పూర్తిగా మూసేవి కావాలి. వెనక జాలీ ఉన్న హెడ్‌ఫోన్లతో నేను ఒకసారి గిటార్ రికార్డు చేసి ఎంతో సంతోషపడ్డాను. మర్నాడు చివరి తీగ మోత సన్నగిల్లే చోట వింటే, లోపల ఎక్కడో గడియారం ఉన్నట్టు టిక్, టిక్ అని, లయ కోసం నేను హెడ్‌ఫోన్లలో పెట్టుకున్న మెట్రోనోమ్, జాలీలోంచి మైక్‌లోకి కారి. వాయిస్తున్నంతసేపూ గిటారే దాన్ని కప్పేసింది.

ఒకే చరణాన్ని మూడు నాలుగు టేకులు పాడి, వాటిలో బాగున్న వాక్యాలను ఏరి కలపండి. కోసిన ప్రతి చోటా 5 నుంచి 10 మిల్లీసెకన్ల ఫేడ్ పెట్టకపోతే చిటుక్కుమనే శబ్దం వస్తుంది.

7. మిక్సింగ్

మొదటి గంట ఏ ప్లగిన్‌నూ ముట్టుకోవద్దు, ఫేడర్లు (ట్రాకుల వాల్యూమ్ మీటలు) మాత్రమే. అన్నిటినీ కిందికి దించి, కిక్‌ను మైనస్ 12 దగ్గర శిఖరాలు వచ్చేలా పెంచి, తర్వాత బేస్, స్నేర్, రాగం, కార్డ్‌లు, హై-హ్యాట్ ఈ వరుసలో చేర్చండి. వాల్యూమ్‌ను మాట్లాడుకునే స్థాయిలోనే ఉంచండి. 1933లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపినట్టు, శబ్దం పెరిగేకొద్దీ చెవికి మంద్ర ధ్వని ఎక్కువగా వినబడుతుంది. గట్టిగా పెట్టి మిక్స్ చేస్తే, చిన్నగా వినేవారికి బేస్ మాయమవుతుంది. మధ్యమధ్య కుడి ఎడమలను ఒకటిగా కలిపే మోనో బటన్ నొక్కి, ఏదైనా వాద్యం కనుమరుగవుతోందేమో చూడండి.

ఫేడర్లతో తీరని ఇబ్బంది ఉంటేనే ఈక్వలైజర్ (పౌనఃపున్యాలను విడివిడిగా పెంచే, తగ్గించే సాధనం). గొంతులో 80 హెర్ట్జ్‌కు దిగువ ఉండేది చాలావరకు గది గొణుగుడు, దాన్ని కోసేయండి. మొత్తం ధ్వని దుప్పటి కప్పినట్టుంటే పియానోలోనూ గొంతులోనూ 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య రెండు మూడు డెసిబెళ్లు తగ్గించి చూడండి. పెంచడం కంటే తగ్గించడంతో మొదలుపెట్టండి, పెంచినదేదైనా ముందు బాగున్నట్టే వినబడి మోసం చేస్తుంది కాబట్టి.

గొంతు ఒక పదంలో గట్టిగా, మరో పదంలో సన్నగా ఉంటే కంప్రెసర్ పనికొస్తుంది. నిష్పత్తి 3:1 పెట్టి, గట్టి పదాల దగ్గర 4 నుంచి 6 డెసిబెళ్లు తగ్గేలా థ్రెషోల్డ్ అనే గీతను దించండి. 3:1 అంటే, గీత దాటి 6 డెసిబెళ్లు ఎగసిన శబ్దం 2 మాత్రమే ఎగసినట్టు బయటికి వస్తుంది. రివర్బ్‌ను (గది ప్రతిధ్వనిని) ప్రతి ట్రాకుకూ విడిగా కాక, ఒక ఉమ్మడి ట్రాకులో పెట్టి అన్నిటినీ కొంచెం కొంచెం పంపితే వాద్యాలన్నీ ఒకే గదిలో కూర్చున్నట్టుంటుంది. కిక్‌ను, బేస్‌ను మాత్రం పంపవద్దు. రివర్బ్ వినబడేదాకా పెంచి, అక్కడినుంచి కొద్దిగా దించండి.

8. ఫైలుగా తీయడం

ఎక్స్‌పోర్ట్ పరిధిని 25వ బార్ దగ్గర ఆపవద్దు, చివరి మోత పూర్తిగా అడుగంటేదాకా మరో మూడు నాలుగు సెకన్లు కలపండి. మెట్రోనోమ్ ఆపండి. ట్రాకులన్నీ కలిసే మాస్టర్ మీద శిఖరాలను ఆపే లిమిటర్ ఒకటి పెట్టి, ట్రూ పీక్ (అల అసలు శిఖరం) మైనస్ 1 డెసిబెల్ దాటకుండా చూడండి. ఎమ్‌పీ3గా కుదించేటప్పుడు శిఖరాలు కొంచెం పైకి లేస్తాయి, ఆ ఖాళీ వాటి కోసం. పాట ఎంత గట్టిగా ఉండాలన్న పోటీకి దిగవద్దు: స్పాటిఫై వంటి సేవలు పాటలన్నిటినీ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట మొత్తం చెవికి ఎంత గట్టిగా తోస్తుందో చెప్పే కొలమానం) స్థాయికి సర్ది వినిపిస్తాయి కాబట్టి, నలిపి నలిపి గట్టిగా చేసిన పాటను అక్కడ తిరిగి కిందికే దించుతారు, నలిగిన తీరు మాత్రం మిగులుతుంది.

ముందు 24 బిట్ల వేవ్ ఫైలు తీసి దాచుకోండి. 48,000 రేటులో స్టీరియో అయితే నిమిషానికి సుమారు 17 ఎంబీ అవుతుంది. ఇతరులకు పంపడానికి దాని నుంచే 320 కేబీపీఎస్ ఎమ్‌పీ3 చేయండి. బయటి నుంచి తెచ్చిన లూప్‌లేవైనా (తయారుగా దొరికే సంగీత ముక్కలు) వాడి ఉంటే వాటి లైసెన్సును ప్రాజెక్టు ఫోల్డరులోనే ఒక చిన్న ఫైలుగా పెట్టుకోండి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో సీసీ0 అయితే ఏ షరతూ లేదు, సీసీ బై అయితే చేసినవారి పేరు చెప్పాలి.

ఆ రోజుకు కంప్యూటర్ కట్టేసి, మర్నాడు ఫోన్ స్పీకర్‌లో ఒకసారి, తీగ హెడ్‌ఫోన్లలో ఒకసారి, ఎవరి కారైనా దొరికితే అందులో ఒకసారి వినండి. వింటూ మార్చాలనిపించినవి కాగితం మీద రాయండి, గరిష్ఠంగా ఐదు. ఆ ఐదూ సరిచేసి చివరి ఫైలు తీయండి. ఆ తర్వాత అదే ప్రాజెక్టులో స్వరాలన్నీ తుడిచి, ట్రాకులు, వాటి పేర్లు, రివర్బ్ ట్రాకు, లిమిటర్ అలాగే ఉంచి టెంప్లేట్‌గా సేవ్ చేయండి. రెండో బాణీ తెరిచినప్పుడు మూడో మెట్టు దాకా చేసినదంతా అప్పటికే సిద్ధంగా ఉంటుంది, నేరుగా పదహారు గడుల ముందు కూర్చోవచ్చు.